ఫార్ములా 9 నిమిషాలంటోంది, సిమ్యులేషన్ పూటకో మాట చెబుతోంది. దేన్ని నమ్మాలి?

కుందలహళ్లి_కుర్రాడు
ఆఫీసులో కొత్త ప్రాజెక్టు కోసం క్యూయింగ్ సిమ్యులేషన్ (లైన్లో నిరీక్షణని కంప్యూటర్లో అనుకరించడం) నేర్చుకోవాల్సి వచ్చింది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంది గానీ స్టొకాస్టిక్ ప్రాసెస్‌లు మాకు సిలబస్‌లో లేవు. మా ఆఫీసు పక్కన దర్శిని (నిలబడి తినే చిన్న హోటల్) ఉంది, దాని కౌంటర్‌నే మోడల్‌గా పెట్టుకున్నాను. సగటున 10 నిమిషాలకి 9 మంది వస్తారు. ఒక్కొక్కరికీ సగటున 1 నిమిషం పడుతుంది. రాకల మధ్య గ్యాప్, సర్వీసు టైమ్ రెండూ ఎక్స్‌పొనెన్షియల్ (చిన్నవి ఎక్కువగా, పెద్దవి అరుదుగా వచ్చే యాదృచ్ఛిక సమయాలు) అనుకున్నా. ఫార్ములా ప్రకారం లైన్లో సగటు నిరీక్షణ 9 నిమిషాలు.

పైథాన్‌లో 1000 మంది కస్టమర్లతో రన్ చేస్తే ఒకసారి 4.7 వస్తోంది, ఇంకోసారి 13 దాటుతోంది. మా టీమ్‌లో వాళ్లు కోడ్ చూసి బగ్ ఏమీ లేదన్నారు. పైగా స్టాండర్డ్ ఎర్రర్ (వచ్చిన సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంచనా) లెక్కేస్తే 0.3 చిల్లర వస్తోంది. అంత చిన్న ఎర్రర్ ఉంటే జవాబు 4 నుంచి 13 దాకా ఎలా ఊగుతుంది? పోనీ థియరీ చదువుదామని పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే సిగ్మా ఆల్జీబ్రా. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రి_షిఫ్ట్
సీడ్ (రాండమ్ నంబర్లు మొదలయ్యే సంఖ్య) ఫిక్స్ చెయ్ బ్రో. ప్రతిసారీ ఒకే నంబర్ వస్తుంది, టెన్షన్ ఉండదు.

లెక్కల_మాస్టారు
@రాత్రి_షిఫ్ట్ దానివల్ల ఊగిసలాట పోదు నాయనా, కనబడకుండా పోతుందంతే. 4.7 వచ్చే సీడ్ దగ్గర ఆగిపోతే మేనేజర్‌కి 4.7 అని రిపోర్టు వెళ్తుంది.

రాత్రి_షిఫ్ట్
డీబగ్గింగ్ కోసం ఫిక్స్ చెయ్యాల్సిందే కదా మాస్టారు. లేకపోతే నిన్న వచ్చిన బగ్ ఇవాళ మళ్లీ దొరకదు.

లెక్కల_మాస్టారు
డీబగ్గింగ్‌కి అయితే సరే, ఒప్పుకుంటా.

మల్లేశ్వరం_మాధవి
కుందలహళ్లి తమ్ముడూ, నీ కోడ్ బాగానే ఉంది. నీ స్టాండర్డ్ ఎర్రర్ దగ్గరే తేడా వస్తోంది. టెలికాంలో చాలా ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నువ్వు రాసిన సిమ్యులేషన్ మొత్తం నిజానికి ఇంతే:

నిరీక్షణ = 0
ప్రతి కొత్త కస్టమర్‌కీ:
నిరీక్షణ = గరిష్ఠం(0, నిరీక్షణ + ముందువాడి సర్వీసు టైమ్ − ముందువాడికీ వీడికీ మధ్య గ్యాప్)

దీన్ని లిండ్లీ సమీకరణం అంటారు, 1952 నాటిది. కుడివైపు చూడు, లోపల మళ్లీ "నిరీక్షణ" ఉంది. ముందున్నవాడు 20 నిమిషాలు నిలబడితే వాడి వెనక ఉన్నవాడు కూడా దాదాపు అంతే నిలబడతాడు. లైన్ ఒకసారి పెరిగితే కొన్ని వందల మంది ఆ దెబ్బ తింటారు. అంటే నీ 1000 నంబర్లూ స్వతంత్రమైనవి కావు. నువ్వు వాడిన "స్టాండర్డ్ డీవియేషన్ బై రూట్ ఎన్" అనే సూత్రం స్వతంత్రంగా ఉన్న శాంపిల్స్‌కి మాత్రమే.

ఎంత తేడానో చెప్తా. కౌంటర్ 90 శాతం బిజీగా ఉన్న ఈ మోడల్‌లో ఒక్కో కస్టమర్ నిరీక్షణ వేరియన్స్ (సగటు నుంచి ఎంత చెదిరిందో చెప్పే కొలత) 99. స్వతంత్రం అనుకుంటే 1000 మంది సగటు వేరియన్స్ 0.099, రూట్ తీస్తే 0.31. నీకు వచ్చిన 0.3 చిల్లర ఇదే. కోరిలేషన్ (ఒకరి నిరీక్షణకీ వెనకవాళ్ల నిరీక్షణకీ ఉన్న సంబంధం) కలుపుకుంటే 99 స్థానంలో 35,901 రావాలి. 1000తో భాగించి రూట్ తియ్యి: దాదాపు 6. సగటు 9, దాని స్టాండర్డ్ ఎర్రర్ 6! అలాంటప్పుడు 4.7 వచ్చినా 13 వచ్చినా వింతేముంది? ఇంకోలా చెప్పాలంటే నీ దగ్గరున్న 1000 మంది డేటా, ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురి డేటాతో సమానం. ముగ్గురు కూడా పూర్తిగా లేరు.

కుందలహళ్లి_కుర్రాడు
ముగ్గురా?!! అక్కా ఇది నిజంగా షాక్. మరి ఎంతమందితో రన్ చెయ్యాలి?

మల్లేశ్వరం_మాధవి
95 శాతం నమ్మకంతో ప్లస్ మైనస్ అర నిమిషం కావాలంటే దాదాపు 5.5 లక్షల మంది. 10 శాతం తేడా పర్వాలేదు అనుకుంటే 1.7 లక్షలు. పైథాన్‌లో ఆ ఒక్క లైన్ లూప్‌కి ఇదేం పెద్ద పని కాదు. అదే కౌంటర్ 50 శాతమే బిజీగా ఉంటే అదే 10 శాతం తేడాకి 11 వేల మంది చాలు. లోడ్ పెరిగేకొద్దీ నిరీక్షణే కాదు, దాన్ని కొలవడానికి పట్టే శ్రమ కూడా పెరిగిపోతుంది.

అనంతపురం_అబ్బాయి
మాధవి గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతా. మీ సిమ్యులేషన్ ఖాళీ షాపుతో మొదలవుతోంది కదా. మొదటివాడికి నిరీక్షణ సున్నా, రెండోవాడికీ దాదాపు సున్నా. ఆ మొదటి భాగం సగటుని కిందికి లాగుతుంది. వార్మప్ అని కొంతమందిని తీసేసి, ఆ తర్వాతి వాళ్లతోనే సగటు కట్టాలి. ఖాళీ షాపుతో మొదలుపెట్టి 1000 మంది చొప్పున ఎన్ని వేల రన్‌లు చేసి సగటు కట్టినా 9కి రాదు, దానికి కాస్త కిందే ఆగుతుంది.

వైట్‌ఫీల్డ్_వాసి
ఒకే ఒక్క పొడవైన రన్ చేస్తే వార్మప్ గొడవే ఉండదు. 10 లక్షల మందిలో మొదటి వెయ్యి మంది ఏ మూలకి?

అనంతపురం_అబ్బాయి
సగటు వరకూ మీరన్నది కరెక్టే. కానీ ఒకే రన్ నుంచి ఎర్రర్ ఎలా తీస్తారు? అసలు సమస్య అదే కదా.

మల్లేశ్వరం_మాధవి
దానికి బ్యాచ్ మీన్స్ అనే పద్ధతి ఉంది. 10 లక్షల మందిలో మొదటి పది, ఇరవై వేలు వదిలెయ్యండి. మిగిలినదాన్ని వరసగా 30 ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్కలో 30 వేల పైనే ఉంటారు. ఒక్కో ముక్కకీ సగటు తీసుకోండి. అంత పెద్ద ముక్కల సగటుల మధ్య కోరిలేషన్ దాదాపు ఉండదు. కాబట్టి ఆ 30 సగటుల మీద మామూలు స్టాండర్డ్ ఎర్రర్ సూత్రం ధైర్యంగా వాడొచ్చు. ముక్కలు మరీ చిన్నవి చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సీమ_చిన్నోడు
సిల్క్ బోర్డ్ జంక్షన్‌కి ఎవరైనా సిమ్యులేషన్ చేశారా? అక్కడ వచ్చే బండ్లు పోయే బండ్లకంటే ఎక్కువ. స్టెడీ స్టేట్ (క్యూ ఒక స్థాయిలో నిలకడగా ఉండడం) అనేదే ఉండదు 😄

వైట్‌ఫీల్డ్_వాసి
😂 వార్మప్ తీసెయ్యాలంటే 1990ల దాకా వెనక్కి వెళ్లాలి.

లెక్కల_మాస్టారు
నవ్వులాటకి అన్నా అందులో మంచి పాఠం ఉంది. రాక రేటు సర్వీసు రేటుని దాటితే 9 నిమిషాల ఫార్ములాకి అర్థమే లేదు, క్యూ అలా పెరుగుతూనే పోతుంది. జంక్షన్ బతికి బట్టకడుతున్నదంటే రాత్రిళ్లు రేటు తగ్గి క్యూ ఖాళీ అవుతుంది కాబట్టే. రోజంతా ఒకే రేటు అనుకోవడం ట్రాఫిక్‌కీ పనికిరాదు, దర్శినికీ పనికిరాదు. పొద్దున 8 నుంచి 10 దాకా ఉండే రద్దీ మూడింటికి ఉంటుందా?

దీనికి థిన్నింగ్ అనే పద్ధతి ఉంది. లూయిస్, షెడ్లర్ 1979లో ఇచ్చారు. రోజులో అత్యధిక రేటు ఏదో దాంతోనే రాకలు పుట్టించు. 10 గంటలకి ఆ అత్యధిక రేటులో సగమే ఉంటే, అప్పుడు పుట్టిన ప్రతి రాకనీ నాణెం ఎగరేసి సగం సగం అవకాశంతో ఉంచు లేదా తీసెయ్. మిగిలినవే నీ కస్టమర్లు. చిన్న పద్ధతే గానీ ఎందుకు పనిచేస్తుందో కూర్చుని నిరూపించు. పాసన్ ప్రాసెస్ (ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా వచ్చే రాకలు) సగం అర్థమైపోతుంది.

హెబ్బాళ_ప్రయాణికుడు
ట్రాఫిక్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రింగ్ రోడ్డు మీద 500డి బస్సు సగటున 10 నిమిషాలకి ఒకటి అనుకుందాం. నేను ఎప్పుడో ఒకప్పుడు స్టాప్‌కి వెళ్తా. సగటున 5 నిమిషాలు ఆగితే చాలాలి కదా? ఎప్పుడూ అంతకంటే ఎక్కువే ఆగుతున్నట్టు ఉంటుంది. నా భ్రమేనా?

అనంతపురం_అబ్బాయి
భ్రమ కాదు. మీరు పెద్ద గ్యాప్‌లో దిగే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే పెద్ద గ్యాప్ ఎక్కువ టైమ్ ఆక్రమిస్తుంది. ఉదాహరణకి గ్యాప్‌లు ఒకటి 2 నిమిషాలు, తర్వాతది 18, మళ్లీ 2, మళ్లీ 18 అనుకోండి. సగటు 10. కానీ 20 నిమిషాల్లో 18 నిమిషాలు పెద్ద గ్యాపే. లెక్క వేస్తే సగటు నిరీక్షణ 8.2 నిమిషాలు. బస్సులు పూర్తిగా పాసన్ ప్రకారం వస్తే సరిగ్గా 10. 5 నిమిషాలు రావాలంటే బస్సులు గడియారం పెట్టినట్టు రావాలి.

హెబ్బాళ_ప్రయాణికుడు
రెండు 500డిలు ఒకదాని వెనకాల ఒకటి రావడం రోజూ చూస్తా. నేను ఎక్కువసేపు ఎందుకు ఆగుతున్నానో ఇప్పుడు తెలిసింది. థాంక్స్.

లెక్కల_మాస్టారు
మొదటి ప్రశ్నకి వద్దాం: "ఎక్కడ మొదలుపెట్టాలి." నా అభిప్రాయం: థియరీ ముందు. కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ (ఒక విషయం తెలిశాక కట్టే సగటు) చేతికి రాకుండా కోడ్ రాస్తే, వచ్చిన నంబర్ తప్పో ఒప్పో తెలిసే దారి లేదు. ఈ అబ్బాయికి 9 అనే ఫార్ములా తెలిసింది కాబట్టే అనుమానం వచ్చింది. తెలియకపోతే 4.7కి రిపోర్టు రాసి ఇంటికెళ్లేవాడు.

వైట్‌ఫీల్డ్_వాసి
నేను ఒప్పుకోను మాస్టారు. ఎంటెక్‌లో మాకు స్టొకాస్టిక్ ప్రాసెస్‌ల పేపర్ ఉండేది. నిరూపణలన్నీ బట్టీ పట్టాం, మంచి మార్కులే వచ్చాయి. సంవత్సరం తిరిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. తర్వాత ఉద్యోగంలో రాండమ్ వాక్ (ప్రతి అడుగూ యాదృచ్ఛికంగా పడే నడక) కోడ్ రాసి గ్రాఫ్ గీసినప్పుడు, అది చాలాసేపు సున్నాకి ఒకే వైపు ఉండిపోవడం చూసి అప్పుడు పుస్తకం మళ్లీ తెరిచా. ఈసారి ప్రతి లైనూ అర్థమైంది. ముందు కళ్లతో చూడాలి.

లెక్కల_మాస్టారు
ఆ రాండమ్ వాక్‌నే తీసుకో. 1921లో పోల్యా నిరూపించాడు: గీత మీద గానీ, సమతలం మీద గానీ నడిస్తే ఎప్పటికైనా మొదలైన చోటికి తప్పకుండా తిరిగొస్తావు. మూడు దిక్కుల్లో నడిస్తే ఆ అవకాశం 34 శాతమే. సమతలం సంగతి కోడ్‌తో కనుక్కోగలవా? చాలా నడకలు చాలాసేపటి దాకా తిరిగిరావు, తిరిగొచ్చేందుకు పట్టే సగటు టైమ్ అనంతం. ఎంతసేపు రన్ చేసినా కొన్ని బయటే ఉంటాయి. వాటిని చూసి "తిరిగి రాదు" అని రాసేస్తావు.

వైట్‌ఫీల్డ్_వాసి
మంచి పాయింట్. అయినా ఆ సందేహం రావడానికైనా కోడ్ ముందు రాయాలి కదా 🙂

మల్లేశ్వరం_మాధవి
ఇద్దరి మాటలకీ మధ్యలో ఉంటాను నేను. ఒక్కో మోడల్‌కీ రెండూ పక్కపక్కనే చెయ్యాలి. చేతితో తేలే చిన్న కేసు ఒకటి పట్టుకో, కోడ్ దాంతో కలుస్తోందా చూడు. ఆ తర్వాతే చేతితో తేలని కేసుకి వెళ్లు. సిగ్మా ఆల్జీబ్రా ఇప్పుడు వద్దు తమ్ముడూ. బ్రౌనియన్ మోషన్, మార్టింగేల్స్ లాంటి పై పాఠాల దాకా వచ్చినప్పుడు దాని అవసరం నీకే తెలుస్తుంది. ముందు డిస్క్రీట్ మార్కోవ్ చెయిన్లు (తర్వాతి స్థితి ఇప్పటి స్థితి మీదే ఆధారపడేవి), తర్వాత పాసన్, తర్వాత కంటిన్యువస్ టైమ్ చెయిన్లు, అప్పుడు క్యూలు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టు మీద పూర్తి కోర్సులు ఉచితంగా ఉన్నాయి.

బసవనగుడి_పంతులు
మార్కోవ్ చెయిన్ నేర్చుకోవడానికి మన దగ్గరే మంచి డేటా ఉంది. మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యంలోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత హల్లు ఎన్నిసార్లు, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తుందో చేత్తో లెక్కపెట్టాడు. మనం గురు లఘువులతో చేద్దాం. రెండే స్థితులు, రెండు ఇంటూ రెండు మాత్రిక.

ఉత్పలమాల లాంటి వృత్తాలు తీసుకోకండి. అక్కడ భరనభభరవ అని ముందే రాసిపెట్టి ఉంది, ఏ స్థానంలో గురువో ఏ స్థానంలో లఘువో తేలిపోయింది, యాదృచ్ఛికం ఏమీ లేదు. ఆటవెలది తీసుకోండి. దాని రెండో పాదం, నాలుగో పాదం ఐదేసి సూర్యగణాలు. సూర్యగణం అంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. అంటే గురువు వస్తే దాని వెంట లఘువు వచ్చి తీరాలి. మాత్రికలో ఒక గడి 1, దాని పక్కది 0. లఘువు తర్వాత ఏం వస్తుందన్నదే కవి ఇష్టం. మొదటి, మూడో పాదాల్లో ఇంద్రగణాలు కలుస్తాయి కాబట్టి అక్కడ గురువు పక్కన గురువు కూడా రావచ్చు. పాదాలు విడదీసి లెక్కిస్తే రెండు వేర్వేరు మాత్రికలు వస్తాయి.

సీమ_చిన్నోడు
పంతులు గారూ ఇది అదిరింది. వీకెండ్‌కి పని దొరికింది.

అనంతపురం_అబ్బాయి
కానీ పంతులు గారూ, సూర్యగణాల పాదంలో కూడా అది కచ్చితంగా మార్కోవ్ కాదు కదా? లఘువు తర్వాత ఏం రావచ్చు అన్నది, ఆ లఘువు గణంలో ఎన్నోది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నగణం మధ్యలో ఉంటే గురువు రావడానికి వీల్లేదు.

బసవనగుడి_పంతులు
భలే పట్టుకున్నారు. స్థితిలో గణంలోని స్థానం కూడా కలపాలి. గలంలో గురువు, గలంలో లఘువు, నగణంలో 1, 2, 3 లఘువులు. ఐదు స్థితులు చేస్తే చెయిన్ చక్కగా కుదురుతుంది. స్థితిని ఎలా ఎంచుకోవాలి అన్నదే ఈ సబ్జెక్టులో సగం పని.

ఎలక్ట్రానిక్‌సిటీ_రమ్య
ఇంకో మాట. అన్నీ ఎక్స్‌పొనెన్షియల్ అనుకోవడం ఆపండి దయచేసి. పాత కంపెనీలో సర్వర్లు ఎన్ని కొనాలో సగటు లోడ్ చూసి తేల్చేశారు. 95 శాతం వాడకంలో నడుస్తున్నాయి, డబ్బు ఆదా అని సంబరపడ్డారు. ఈ దర్శిని మోడల్‌లోనే చూడండి: వాడకం 50 శాతం అయితే నిరీక్షణ 1 నిమిషం, 80కి 4, 90కి 9, 95కి 19, 99కి 99 నిమిషాలు. అక్కడ సర్వీసు టైమ్‌లు ఎక్స్‌పొనెన్షియల్ కంటే కూడా ఎక్కువ చెదిరి ఉండేవి. రాత్రిళ్లు ఫోన్లు ఎత్తింది మాత్రం మేము. ప్లాన్ వేసినవాళ్లు కాదు.

దర్శినికి వెళ్లి ఫోన్‌లో టైమ్‌లు నోట్ చేసుకోండి. ఇడ్లీ, వడ అయితే తీసి ప్లేటులో పెట్టడమే, అందరికీ దాదాపు ఒకే టైమ్. మసాలా దోసె పెనం మీంచి రావాలి. ఇడ్లీ మాత్రమే ఉండి ప్రతి ఒక్కరికీ సరిగ్గా 1 నిమిషమే పడితే అదే 90 శాతం వాడకంలో నిరీక్షణ 9 కాదు, 4.5. సగటు మారలేదు, చెదరడం ఒక్కటే పోయింది. పొలాచెక్ ఖించిన్ ఫార్ములా చెప్పేది ఇదే.

లెక్కల_మాస్టారు
అమ్మాయ్, ఇది అందరూ గోడకి అంటించుకోవాల్సిన పోస్టు.

కుందలహళ్లి_కుర్రాడు
రమ్య గారూ, రేపే నోట్ చేస్తా. ఇంకో సందేహం. "2 గంటలకంటే ఎక్కువ ఆగేవాళ్లు ఎంతమంది" అని మేనేజర్ అడిగాడు. 10 లక్షల రన్‌లో ఒకసారి ఎవరూ రారు, ఇంకోసారి ఒకే చోట డజన్ల మంది వస్తున్నారు.

మల్లేశ్వరం_మాధవి
నీ మోడల్‌లో ఆ అవకాశం 0.9 ఇంటూ e పవర్ మైనస్ 12. అంటే 10 లక్షల మందిలో ఐదారుగురు. వచ్చినా గుంపుగా వస్తారు, కారణం పైన చెప్పుకున్న కోరిలేషనే. ఇలాంటి అరుదైన ఘటనలకి మామూలు సిమ్యులేషన్ దండగ. ఇంపార్టెన్స్ శాంప్లింగ్ వాడాలి. నీ క్యూలో అయితే రాక రేటునీ సర్వీసు రేటునీ తారుమారు చేసి రన్ చెయ్. క్యూ దానంతటదే పెరిగి, అరుదైనది మామూలైపోతుంది. తర్వాత ప్రతి రన్ ఫలితాన్నీ, అసలు రేట్లతో ఆ రన్ వచ్చే సంభావ్యతని తారుమారు రేట్లతో వచ్చే సంభావ్యతతో భాగించిన నిష్పత్తితో గుణించి సరిచెయ్యి. ఈ క్యూకి ఇదే ఉత్తమమైన తారుమారు అని నిరూపణ కూడా ఉంది.

దీని వెనకున్న లార్జ్ డీవియేషన్స్ (అరుదైన ఘటనల అవకాశాన్ని లెక్కించే) సిద్ధాంతానికి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన వరదన్. 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన పీహెచ్‌డీ గైడ్ మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు.

బసవనగుడి_పంతులు
రావు గారు పుట్టింది ఇక్కడి కర్ణాటకలోని హడగలిలో, లెక్కలు చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఆయన పేరున్న రావ్ బ్లాక్‌వెల్ సిద్ధాంతం సిమ్యులేషన్‌లో రోజూ వాడేదే. రెండు యాదృచ్ఛిక సంఖ్యల మొత్తం ఒక హద్దు దాటే అవకాశం కావాలంటే రెండూ పుట్టించక్కర్లేదు. ఒకటి పుట్టించి, రెండోది మిగిలిన హద్దు దాటే అవకాశాన్ని ఫార్ములాతో వెయ్యండి. చేతితో తేలే భాగాన్ని చేతితోనే తేల్చేస్తే వేరియన్స్ తగ్గుతుంది, ఎన్నడూ పెరగదు.

పాత_ఫోర్ట్రాన్
రాండమ్ నంబర్ల నాణ్యత మాట ఎవరూ ఎత్తలేదే. మా కాలంలో రాండు అనే జెనరేటర్ ఉండేది. పాత సంఖ్యని 65539తో గుణించి 2 పవర్ 31తో భాగిస్తే వచ్చే శేషమే కొత్త సంఖ్య. మూడేసి సంఖ్యల్ని బిందువులుగా గీస్తే అన్నీ 15 సమతలాల మీదే పడతాయి! దాని మీద ఎన్ని లెక్కలు నడిచాయో. ఇప్పుడు పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పైలో డిఫాల్ట్‌గా వచ్చే పీసీజీ అనే జెనరేటర్ చాలా మంచిది. సొంతంగా మాత్రం ఎవరూ రాయకండి.

రాత్రి_షిఫ్ట్
నాలుగు కోర్‌ల మీద ఒకేసారి రన్ చేస్తే సీడ్లు 1, 2, 3, 4 అని ఇవ్వొచ్చా?

పాత_ఫోర్ట్రాన్
నమ్‌పైలో సీడ్ సీక్వెన్స్ ఉంది, అందులో స్పాన్ చేస్తే ఒక్కో కోర్‌కీ విడి స్ట్రీమ్ ఇస్తుంది. అదే వాడు.

కుందలహళ్లి_కుర్రాడు
అప్‌డేట్. 10 లక్షల మంది, వార్మప్ తీసేసి, 30 బ్యాచ్‌లు: 9కి అటూ ఇటూగా వస్తోంది, ఎర్రర్ కూడా మాధవి అక్క చెప్పినంతే ఉంది. ఇప్పుడు అసలు ప్రాజెక్టు ప్రశ్న: కస్టమర్లు రెట్టింపయ్యారు, కౌంటర్లూ రెండయ్యాయి. రెండు విడి లైన్లు పెట్టడమా, లేక ఒకే లైన్ పెట్టి ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి పంపడమా?

ఎలక్ట్రానిక్‌సిటీ_రమ్య
ఒకే లైన్. విడి లైన్లు, ఎవరూ లైన్ మారరు అనుకుంటే ఒక్కోదానిలో మళ్లీ 9 నిమిషాలే. ఉమ్మడి లైన్ అయితే ఎర్లాంగ్ ఫార్ములాతో 4.26 నిమిషాలు. ఒక కౌంటర్ ఖాళీగా ఉండి పక్క లైన్లో జనం నిలబడే పరిస్థితి ఉమ్మడి లైన్లో రాదు. తేడా అంతా అక్కడే.

మల్లేశ్వరం_మాధవి
సిమ్యులేషన్‌లో రెండు పద్ధతుల్నీ పోల్చేటప్పుడు రెండిటికీ అవే రాకలు, అవే సర్వీసు టైమ్‌లు ఇవ్వు. @రాత్రి_షిఫ్ట్ చెప్పిన సీడ్ ఫిక్స్ చెయ్యడం ఇక్కడ బాగా పనికొస్తుంది. రద్దీ వస్తే రెండు పద్ధతులకీ ఒకేసారి వస్తుంది కాబట్టి వాటి మధ్య తేడాలో ఊగిసలాట బాగా తగ్గుతుంది.

రాత్రి_షిఫ్ట్
😎

కుందలహళ్లి_కుర్రాడు
ఉమ్మడి లైన్‌కి 4.3 వచ్చింది! దోసె టైమ్‌లు నోట్ చేసుకున్నాక ఎక్స్‌పొనెన్షియల్ తీసేసి అసలు డేటానే పెడతా. రెండు కౌంటర్లకి కూడా పొలాచెక్ ఖించిన్ లాంటిది ఉందా, సరిచూసుకోడానికి?

లెక్కల_మాస్టారు
లేదు. కౌంటర్లు ఒకటి దాటి, సర్వీసు టైమ్ ఎలాంటిదైనా కావచ్చు అన్నప్పుడు కచ్చితమైన సాదా ఫార్ములా లేదు. ఉజ్జాయింపు సూత్రాలున్నాయి, వాటితో సరిపోల్చి చూడు, అసలు జవాబుకి సిమ్యులేషనే దిక్కు. 30 బ్యాచ్‌ల సగటులూ, కోడూ ఇక్కడ పెట్టు. ఆదివారం కూర్చుని చూస్తా.